ఫోన్‌లో వయొలిన్ పియానో అయిపోతోంది, ఫ్లూట్ చోట డ్రమ్స్ మోగుతున్నాయి: మిడి రింగ్‌టోన్‌లో తప్పు ఎక్కడ?

మీ ప్రశ్న: కంప్యూటర్లో చక్కగా వినిపించిన రింగ్‌టోన్‌ని మిడిగా సేవ్ చేసి ఫోన్‌లో పెడితే వయొలిన్ పియానోలా మోగుతోంది, ఫ్లూట్ వరుస డ్రమ్స్‌లా వినిపిస్తోంది. ఇవి రెండు వేర్వేరు తప్పులు. రెండూ ఫైల్లోనే సరిచేయొచ్చు.

మిడి ఫైల్లో శబ్దం ఉండదు. ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలి అన్న ఆదేశాలే ఉంటాయి. ఏ వాయిద్యమో చెప్పేది ప్రోగ్రామ్ చేంజ్ అనే అంకె. అది ట్రాక్‌కి కాదు, ఛానెల్‌కి వర్తిస్తుంది. ఛానెల్ అంటే ఒక వాయిద్యానికి ఆదేశాలు వెళ్లే దారి, ఇవి మొత్తం 16. ట్రాక్ అన్నది మనం ఎడిటర్లో (సంగీతం రాసే సాఫ్ట్‌వేర్‌లో) విడివిడిగా రాసుకోవడానికే. దానికి "వయొలిన్" అని పేరు పెట్టినంత మాత్రాన ఫోన్ వయొలిన్ వాయించదు.

వయొలిన్ పియానో అయిందంటే ఆ ఛానెల్లో ప్రోగ్రామ్ చేంజ్ లేదన్నమాట. ఎడిటర్లో మీరు ఎంచుకున్న ప్లగిన్ (ఎడిటర్‌కి అదనంగా జోడించే సాఫ్ట్‌వేర్) వాయిద్యం ప్రాజెక్టు ఫైల్లోనే ఉండిపోతుంది, మిడిలోకి రాదు. అంకె కనిపించకపోతే ఫోన్ మామూలుగా 1వ వాయిద్యం, అంటే గ్రాండ్ పియానో ఎత్తుకుంటుంది. ఈవెంట్ లిస్ట్ (ఆదేశాలన్నీ వరుసగా చూపే పట్టిక) తెరిచి, ఆ ఛానెల్లో మొదటి స్వరానికి ముందు ప్రోగ్రామ్ చేంజ్ 41 చేర్చండి.

ఇక్కడే చాలామంది ఒక అంకె తేడాతో దెబ్బతింటారు. జనరల్ మిడి (ఏ అంకెకి ఏ వాయిద్యమో అందరికీ ఒకేలా నిర్ణయించిన ప్రమాణం) జాబితాలో 128 వాయిద్యాలకు 1 నుంచి 128 దాకా అంకెలుంటాయి. ఫైల్లో మాత్రం అవి 0 నుంచి 127 దాకా నమోదవుతాయి. కొన్ని ఎడిటర్లు మొదటి పద్ధతిలో చూపిస్తాయి, కొన్ని రెండో పద్ధతిలో. షెహనాయ్ జాబితాలో 112. సున్నాతో మొదలయ్యే ఎడిటర్లో అదే 112 వేస్తే చిన్న గంటలు మోగుతాయి, అక్కడ వేయాల్సింది 111. ఫ్లూట్ (74) అడిగితే పికోలో (73) వచ్చిందా? ఇదే తప్పు, తిరగబడి వచ్చింది. మీ ఎడిటర్ ఏ పద్ధతో తేల్చుకోవాలంటే పియానోకి 0 చూపిస్తోందా, 1 చూపిస్తోందా చూడండి.

ఇక ఫ్లూట్ డ్రమ్స్‌గా మారడానికి కారణం 10వ ఛానెల్. జనరల్ మిడిలో అది తాళ వాయిద్యాలకే. అందులో ఏ ప్రోగ్రామ్ వేసినా స్వరాలు రావు, ఒక్కో స్వరం అంకెకి ఒక్కో దెబ్బ వస్తుంది: 36 బేస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హై-హ్యాట్, 46 తెరిచిన హై-హ్యాట్, 49 క్రాష్. ట్రాకులకు వరుసగా ఛానెళ్లు ఇచ్చే ఎడిటర్లో పదో ట్రాక్ అక్కడికే వచ్చి పడుతుంది. ఫ్లూట్‌ని 11కి మార్చేయండి. దీనికి ఎదురు లక్షణం కూడా ఉంది: డ్రమ్స్ రావాల్సిన చోట పియానో మంద్రంలో గజిబిజిగా మోగితే, ఆ ట్రాక్ 10లో లేదు. ఛానెళ్లను 0 నుంచి లెక్కపెట్టే ఎడిటర్లో డ్రమ్స్‌ది 9.

రెండు ట్రాకులకు ఒకే ఛానెల్ ఇస్తే చివరగా వచ్చిన ప్రోగ్రామ్ చేంజ్ రెండింటికీ వర్తిస్తుంది. వాల్యూమ్ (కంట్రోలర్ అనే ఆదేశాల్లో 7), పిచ్ బెండ్ (శ్రుతిని పైకీ కిందికీ జార్చే ఆదేశం), స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ (64) కూడా అంతే. రాగం వరుసలో గమకం కోసం పిచ్ బెండ్ వేస్తే, అదే ఛానెల్లో ఉన్న తీగల వరుస కూడా దానితోపాటే వంగుతుంది. బెండ్ పరిధి మామూలుగా రెండు సెమీటోన్లు అటూ ఇటూ. గమకం వాడే వరుసకు ప్రత్యేక ఛానెల్ తప్పనిసరి. ముక్క చివర బెండ్‌ని సున్నాకి తేవాలి, లేకపోతే రింగ్‌టోన్ మళ్లీ మొదలైనప్పుడు శ్రుతి తప్పొచ్చు.

ప్రోగ్రామ్ చేంజ్‌నీ మొదటి స్వరాన్నీ ఒకే టిక్ (ఫైల్లో కాలాన్ని కొలిచే అతి చిన్న భాగం) మీద పెట్టకండి. వరుస తారుమారైతే మొదటి స్వరం పాత వాయిద్యంతో మోగుతుంది. బీటుకు 480 టిక్కుల ఫైల్ అయితే స్వరాన్ని 20 టిక్కులు ఆలస్యంగా మొదలయ్యేలా జరిపితే చాలు. మొదట్లో జనరల్ మిడి రీసెట్ సందేశం ఉంటే దాని తర్వాత ఇంకాస్త ఎక్కువ, సుమారు 240 టిక్కులు వదలండి. వేరే వాయిద్యాల సెట్‌కి మార్చే బ్యాంక్ సెలెక్ట్ (కంట్రోలర్ 0, 32) ఆదేశాలు ఉంటే తీసేయడమే మేలు.

మధ్యలో స్వరాలు తెగిపోతుంటే తప్పు ఛానెల్‌ది కాదు, ఒకేసారి మోగే స్వరాల పరిమితి. 1991 నాటి జనరల్ మిడి కనీసం 24 అడిగింది కానీ, పాత ఫోన్లు 4 లేదా 16తోనే నడిచేవి. పెడల్ నొక్కి ఉంచితే వదిలేసిన స్వరాలు కూడా లెక్కలోకొస్తాయి. రాగానికి 1, తీగలకు 3, బేస్‌కి 1, డ్రమ్స్‌కి 2 లేదా 3 చొప్పున రాస్తే 8 దాటదు.

బేస్ గిటార్‌ని 28 నుంచి 40 మధ్య అంకెల స్వరాల్లో రాస్తే అవి 41 నుంచి 82 హెర్ట్జ్ మాత్రమే. ఫోన్ స్పీకర్లో దాదాపు వినపడవు. కనీసం ఒక ఆక్టేవ్ పైకి ఎత్తండి, రాగాన్ని 72 నుంచి 96 మధ్య ఉంచండి. అదే రాగాన్ని వేరే ఛానెల్లో గ్లాకెన్‌స్పీల్ (10) తో ఒక ఆక్టేవ్ పైన తక్కువ వాల్యూమ్‌తో కలిపితే జేబులోంచి కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

సేవ్ చేసేటప్పుడు టైప్ 0 ఎంచుకోండి. ట్రాకులన్నీ ఒకటైపోతాయి, ఛానెళ్లు మాత్రం అలాగే ఉంటాయి. ఫోన్ మిడిని అసలు తీసుకోకపోతే ఫ్లూయిడ్‌సింత్ లాంటి మిడిని వాయించే సాఫ్ట్‌వేర్‌లో జనరల్ మిడి సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాలున్న ఫైల్) పెట్టి ఆడియో ఫైల్‌గా మార్చి వాడండి.