కింగ్‌డమ్ ఆఫ్ యాష్‌లో ఎవరెవరో తెలియట్లేదా?

సారా జె. మాస్ రాసిన త్రోన్ ఆఫ్ గ్లాస్ నవలల్లో చివరిది ఇది; దీనికి ముందుదైన టవర్ ఆఫ్ డాన్ మీరు వదిలేసి ఉంటారు. యిరీన్ ఎవరో, ఖగన్ సైన్యం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలియట్లేదంటే కారణం అదే. కథానాయిక ఏలిన్ లేదు కదా అని చాలామంది ఆ పుస్తకం దాటేస్తారు.

1. కింగ్‌డమ్ ఆఫ్ యాష్ అక్కడే ఆపండి.

2. ముందు ఇదే సిరీస్‌లో తొలినాటి కథల సంపుటి ది అసాసిన్స్ బ్లేడ్‌లో వైద్యురాలి కథ చదవండి. అందరూ మర్చిపోయేది ఇదే. చిన్న కథే. యిరీన్ అంత భద్రంగా దాచుకున్న చీటీ ఎవరు రాశారో అందులోనే ఉంది.

3. ఆ తర్వాత టవర్ ఆఫ్ డాన్ (2017). ఇది ఎంపైర్ ఆఫ్ స్టార్మ్స్ (2016)కి కొనసాగింపు కాదు, అదే కాలంలో దక్షిణ ఖండంలో నడిచే కథ. మొదట్లో నత్తనడకే, కాస్త ఓపిక పట్టండి. ఫే జాతి రాణి మేవ్ గుట్టు రట్టయ్యేది ఇక్కడే.

4. ఇక కింగ్‌డమ్ ఆఫ్ యాష్ మొదటి పేజీ నుంచి. ఎంపైర్ ఆఫ్ స్టార్మ్స్, టవర్ ఆఫ్ డాన్ అధ్యాయాలు మార్చి మార్చి కలిపి చదవమని ఎవరైనా చెప్తే, మొదటిసారికి వద్దు.