టిప్పర్ టైర్లు అమ్మే ఉద్యోగానికి పంపాలా, బ్యాంకు కోచింగ్‌కు పంపాలా?

సత్తెనపల్లి నుంచి ఒక తండ్రి అడిగారు. వాళ్ల అబ్బాయి మెకానికల్‌లో బీటెక్ పూర్తి చేసి ఏడాది దాటింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ టైర్ల డీలరు దగ్గర సేల్స్ ఉద్యోగం వచ్చింది. అమరావతి పనుల్లో తిరిగే టిప్పర్లకు టైర్లు అమ్మాలి, జీతం పద్దెనిమిది వేలు, పైన కమిషన్. "టైర్లు అమ్ముకోవడానికా ఇంజనీరింగ్ చదివించింది అని చుట్టాలు నవ్వుతున్నారు. ఇందులో చేర్పించమంటారా, బ్యాంకు కోచింగ్‌కు పంపమంటారా?" అన్నది ఆయన ప్రశ్న.

ముందు చుట్టాల సంగతి వదిలేయండి సార్, వాళ్లెవరూ మీ వాడికి ఉద్యోగం ఇప్పించేది లేదు. చేర్పించండి అనే నేను చెబుతాను. కాకపోతే అమరావతిని చూసి మురిసిపోయి చేర్పించొద్దు, ఆ ఉద్యోగంలో నిజంగా ఏం చేయాలో తెలుసుకుని చేర్పించండి.

పన్నెండు చక్రాల టిప్పర్‌కు టైర్ల సెట్టు మార్చాలంటే, స్టెపినీ వదిలేసినా, రెండు లక్షలు దాటుతుంది. ఆ ఓనరు అంత డబ్బు ఒక్కసారిగా తెచ్చి బల్ల మీద పెట్టడు. రెండు టైర్లు ఇప్పుడివ్వు, బిల్లు రాగానే సెటిల్ చేస్తా అంటాడు. మీ వాడి ఉద్యోగం అసలు మొదలయ్యేది ఆ మాట దగ్గరే. రాజధాని పనులు చేస్తున్నవి ఎల్ అండ్ టీ, ఎన్‌సీసీ లాంటి పెద్ద కంపెనీలు కదా, ఇంకేం టెన్షన్ అనుకోవద్దు. అంత పెద్దవాళ్లు తమ సొంత బండ్లకు కావలసిన టైర్ల రేటు మామూలుగా హెడ్డాఫీసులోనే మాట్లాడుకుంటారు, ఆ ఆర్డరు మీ వాడి దాకా రాదు. మీ వాడికి దొరికేది మట్టి, ఇసుక, కంకర తోలే అద్దె బండ్ల ఓనర్లు, రెండు బండ్లవాడు, ఐదు బండ్లవాడు. డబ్బు ప్రభుత్వం నుంచి మెయిన్ కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అతని నుంచి బండి ఓనరుకు రావాలి, అందులో కిస్తీ, డీజిల్, డ్రైవర్ బత్తా పోగా ఏమైనా మిగిలితే అప్పుడు టైరు షాపుకు. డీజిల్ పోయకపోతే రేపు బండి కదలదు, కిస్తీ కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు బండి లాక్కెళ్తారు. టైరు మాత్రం ఆల్రెడీ బిగించేసి ఉంది, దాన్నెవడు వచ్చి విప్పుకెళ్తాడు? అందుకే టైరు షాపు బాకీ అందరికంటే చివర్లో తీరుతుంది.

డీలరుకు ఒక్కో టైరు మీద మిగిలేది స్వల్పం. ఒక్క సెట్టు డబ్బు మునిగితే ఆ లోటు పూడ్చడానికి ఇంకెన్ని సెట్లు అమ్మాలో మీ వాడినే లెక్క వేయమనండి, ఈ వ్యాపారం సగం అర్థమవుతుంది. ఎవరికి అరువివ్వాలి, ఎవరికి నగదు లేకుండా ఇవ్వకూడదు అని పసిగట్టగలిగినవాడే ఈ లైనులో నిలబడతాడు. బండి మీద ఇంకా ఎన్ని కిస్తీలున్నాయి, ఏ సబ్ కాంట్రాక్టరు కింద తిరుగుతోంది, ఇంతకుముందు ఏ షాపులో కొనేవాడు, అక్కడ ఎందుకు మానేశాడు, ఇవన్నీ టీ తాగుతూ మాటల్లో రాబట్టాలి. ముఖ్యంగా ఆ చివరిది.

ఇక చదువు వృథా అవుతుందన్న బాధ. ఆ బాధ మీకు అక్కర్లేదు. పరిటాల, దొనబండ, పేరేచర్ల క్వారీల నుంచి కంకర తోలే బండి టైరు అరిగిపోయేదాకా బతకదు, ముందే కోసుకుపోయి చస్తుంది. హైవే మీద సిమెంటు తోలే బండికి కిలోమీటర్లు లెక్క, క్వారీ బండికి ట్రిప్పులు లెక్క. ఇద్దరికీ ఒకే టైరు అంటగడితే ఆ కస్టమరు మళ్లీ మీ గుమ్మం తొక్కడు. వెనక జంట చక్రాల మధ్య రాయి ఇరుక్కుంటే రెండు టైర్ల గోడలనూ లోపలి నుంచి కొరికేస్తుంది. గాలి తక్కువైతే టైరు వేడెక్కి పాడవుతుంది, మరీ ఎక్కువ కొడితే పదునైన రాయి ఎక్కగానే దెబ్బ తింటుంది. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగింది వేస్తే బరువు ఎక్కువగా కొత్తదాని మీద పడుతుంది. వానాకాలం ఇంకా దారుణం, తడిసిన రబ్బరును రాయి తేలిగ్గా కోసేస్తుంది, పైగా రాజధాని వైపు నల్లరేగడి, ఆ బంకమట్టి టైరు గాడుల్లో నిండిపోతే పట్టు తప్పి చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.

క్లెయిముల గొడవ మరొకటి. టైరు పేలిపోయిందని ఓనరు తెచ్చి షాపు ముందు పడేస్తాడు, కొత్తది ఇవ్వమంటాడు. అప్పుడు మీ వాడు టార్చి తీసుకుని టైరు లోపల చూడాలి. లోపలి గోడ చుట్టూ వలయంలా నలిగిన గుర్తు కనిపిస్తే గాలి తక్కువతో తిప్పారని అర్థం, కంపెనీ దానికి పైసా ఇవ్వదు. ఆ మాట ఆయన ముఖం మీద చెప్పాలి, అయినా ఆయన మళ్లీ మన దగ్గరికే రావాలి. ఇలాంటి చోట మెకానికల్ చదివినవాడు కారణం చూపించి ఒప్పించగలడు, ఊరికే అమ్మడం వచ్చినవాడు గొడవ పడతాడు. ఇంకో సంగతి, డబ్బులిచ్చేది ఓనరే కానీ ఏ కంపెనీ టైరు కొనాలో ఆయన చెవిలో వేసేది డ్రైవరు, పంచర్ షాపువాడు. వాళ్లను చిన్నచూపు చూసే కుర్రాడైతే ఇక్కడ ఆరు నెలలు కూడా ఉండడు.

భయపడాల్సిన విషయం వేరే ఉంది. అమరావతికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, 2019 తరువాత పనులు ఆగిపోయాయి, మళ్లీ 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా మొదలయ్యాయి. పనులు ఆగినప్పుడు కిస్తీల మీద టిప్పర్లున్నవాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో సత్తెనపల్లిలో ఉన్న మీకు నేను చెప్పాలా? అందుకని మొదటి రోజు నుంచే వేరే కస్టమర్లను కూడా చూసుకోమనండి. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద బండ్లున్నాయి, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు బండ్లున్నాయి, చీమకుర్తి గ్రానైట్ ఉంది. రాజధాని లేకపోయినా ఇవి నడుస్తాయి.

జీవితాంతం డీలరు దగ్గరే ఉండమని నేను అనడం లేదు. రెండేళ్లు ఎండలో తిరిగి, వసూళ్లు చేసి, క్లెయిములు చూసిన కుర్రాడు టైర్ల కంపెనీలో ఒక ప్రాంతం అమ్మకాలు చూసుకునే టెరిటరీ ఉద్యోగానికి వెళ్తే అడిగే ప్రశ్నలన్నిటికీ సొంత జవాబులుంటాయి. అపోలోకు తిరుపతి జిల్లా చినపాండూరులో, ఎంఆర్ఎఫ్‌కు సదాశివపేటలో ఫ్యాక్టరీలున్నాయి. అచ్యుతాపురంలో యోకొహామా వాళ్ల ప్లాంటు ఉంది, అక్కడ లోడర్ల లాంటి పెద్ద యంత్రాల టైర్లు కూడా చేస్తారు, అదో ప్రత్యేకమైన లైను. లారీ టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, ఇలాంటివి కూడా తెలుసుకుని ఉండమనండి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

చేరేముందు డీలరుతో మొహమాటం లేకుండా తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. కమిషన్ అమ్మిన రోజున లెక్కిస్తారా, డబ్బు వసూలయ్యాకా? బాకీ రాకపోతే జీతంలో కోస్తారా? కోస్తామంటే ఆ ఉద్యోగం వద్దు, అరువు ఇవ్వాలో వద్దో చివరికి నిర్ణయించేది డీలరైనప్పుడు నష్టం మీ వాడి నెత్తిన ఎందుకు? పెట్రోలు ఖర్చు విడిగా ఇవ్వాలి. వసూలు చేసిన నగదు ఏ రోజుది ఆ రోజే జమ చేసి రసీదు తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అడిగితే మారు మాట్లాడకుండా లేచి వచ్చేయమనండి.

బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు. బ్యాంకు ఆఫీసరు పరీక్ష ఐబీపీఎస్ పీఓకు జనరల్ కేటగిరీలోనే ముప్ఫై ఏళ్ల దాకా రాయొచ్చు, రెండేళ్ల తరువాత కూడా ఆ దారి తెరిచే ఉంటుంది. అయినా మీకు అనుమానంగా ఉంటే, ఇబ్రహీంపట్నం రింగు దగ్గరో ఆటోనగర్‌లోనో లారీల పంచర్ షాపు చూసి, ఆయన్ను అడిగి మీ వాడిని ఒక రోజంతా అక్కడ కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చి ఏ బండికి ఏ టైరు ఎందుకు పోయిందో చెప్పడం మొదలుపెడితే మర్నాడే జాయిన్ చేయండి. ఒకటే దుమ్ము నాన్నా అని మాత్రమే అంటే కోచింగ్ ఫీజు కట్టేయండి.