డిటెక్టివ్ గేమ్ రివ్యూ రాస్తున్న తమ్ముడికి

విశాఖపట్నం

తమ్ముడూ,

‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ గేమ్ మీద నువ్వు రాసి పంపిన రివ్యూ చదివాను. భాష బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. చదివాక నాకు ఓడ కథ తెలిసింది, బొమ్మలు నలుపు తెలుపులో ఉంటాయని తెలిసింది, నీకు బాగా నచ్చిందనీ తెలిసింది. కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న ఏ గాజువాక కుర్రాడికో కావలసింది మాత్రం అందులో లేదు. ఈ గేములో నేను చేసే పనేంటి? నా జవాబు తప్పో ఒప్పో గేమ్ నాకెలా చెబుతుంది?

ఈ రెండో ప్రశ్నే గట్టిగా పట్టుకో. కథ గురించి, సంగీతం గురించి ఎవరైనా రాస్తారు. ఆటగాడు బుర్ర పెట్టి ఒక నిర్ణయానికి వచ్చాక దాన్ని గేముకి ఏ రూపంలో చెప్పాలి, గేమ్ దాన్ని ఎప్పుడు ఒప్పుకుంటుంది, తెలియకపోయినా ఊహించి ఎంతదూరం నెట్టుకురావచ్చు? డిటెక్టివ్ గేమ్ బలమైనా బలహీనతైనా ఇక్కడే ఉంటుంది. పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ చాలాసార్లు దీని గురించే మాట్లాడుతుంటారు, విడమరిచి చెప్పలేరంతే.

నువ్వు ఆడిన గేమునే చూద్దాం. లూకస్ పోప్ 2018లో విడుదల చేసిన ఈ గేములో ఆటగాడు ఈస్టిండియా కంపెనీ తరఫున బీమా లెక్క తేల్చడానికి ఓడెక్కే ఇన్‌స్పెక్టరు. 1802లో లండన్ నుంచి బయల్దేరిన ఓబ్రా డిన్ అనే ఓడ, 1807లో మనుషుల అలికిడి లేకుండా ఇంగ్లండులోని ఫాల్మత్ రేవుకి కొట్టుకొచ్చింది. అందులో ప్రయాణించినది అరవై మంది. ఒక్కొక్కరి పేరేంటి, ఏమయ్యారు, ఎవరైనా చంపితే ఆ చంపినదెవరు అన్నది పుస్తకంలో నింపాలి. ముగ్గురి వివరాలు పూర్తిగా సరిపోయినప్పుడే గేమ్ వాటిని ఖాయం చేస్తుంది. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు ముగ్గురే ఎందుకో ఆలోచించు. ఒక్కొక్కరినీ విడిగా ఖాయం చేసే పద్ధతైతే, సిబ్బంది జాబితాలో పైనుంచి కిందికి పేర్లు మార్చుకుంటూ పోయి సరైనది పట్టేయొచ్చు. మూడూ ఒకేసారి కుదరాలంటే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. పూర్తిగా కాదు. ఇద్దరి సంగతి గట్టిగా తెలిస్తే, ఆ రెంటినీ అలాగే ఉంచి మూడో మనిషి పేరు ఒక్కటే మార్చుకుంటూ పోవచ్చు. ఒక ముగ్గురి విషయంలో ఎవరెలా పోయారో, వాళ్ళ మూడు పేర్లేవో తెలిసి, ఏ పేరు ఎవరిదో మాత్రం తేలకపోతే ఆరు రకాలుగా మార్చి చూస్తే పని అయిపోతుంది. ఇది లోపమా, వెసులుబాటా? నా మట్టుకు వెసులుబాటే. నీకు లోపమనిపిస్తే అలాగే రాయి, కానీ ఈ ఆరు రకాల లెక్క చెప్పి మరీ రాయి.

మిగతా గేములు ఇదే పని ఎలా చేస్తాయో తెలిస్తే నీ మాటకి బరువొస్తుంది. 2022లో వచ్చిన ‘ది కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్’లో బొమ్మ మీద క్లిక్ చేసి పదాలు పోగుచేసుకుని, ఖాళీలున్న వాక్యాల్లో పెట్టాలి. ఖాళీలన్నీ నిండాక, తప్పులు రెండో అంతకన్నా తక్కువో ఉంటే గేమ్ ఆ సంగతి చెబుతుంది. ఆ మాట కనబడ్డ క్షణం నుంచి చాలామంది ఆలోచించడం మానేసి పదాలు అటూ ఇటూ మార్చడం మొదలెడతారు. 2015 నాటి ‘హర్ స్టోరీ’ అసలు తీర్పే చెప్పదు. పాత పోలీసు కంప్యూటర్లో మాట టైప్ చేస్తే, ఆ మాటున్న విచారణ వీడియోల్లో మొదటి అయిదే చూపిస్తుంది. ఏం జరిగిందో నీకు నువ్వే నమ్మాలి. ‘గేమ్ అయిపోయిందో లేదో తెలీలేదు’ అని కొందరు విసుక్కునేది అందుకే. 2011 నాటి ‘ఎల్.ఏ. నోయిర్’ది ఇంకో తంటా. సాక్షి మాట నిజమా, అనుమానమా, అబద్ధమా అని మూడు బటన్లు ఇచ్చింది. అనుమానం నొక్కి మెల్లగా ఆరా తీస్తాడనుకుంటే హీరో ఒక్కసారిగా మీద పడి అరిచేవాడు. ఆటగాడి మనసులో ఉన్నదొకటి, బటన్ చేసేదొకటి. 2017లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ మూడు బటన్ల పేర్లూ మార్చారు.

ఇక నీ రివ్యూలో నన్ను ఆపేసిన వాక్యం: ‘కొన్ని పజిల్స్ అన్యాయంగా ఉన్నాయి.’ కష్టానికీ అన్యాయానికీ తేడా చూపించకుండా ఈ మాట వాడకు. ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. రివ్యూలో ఇలా కల్పించుకోవడం పనికొస్తుంది, అసలు గేము గుట్టు విప్పకుండానే దాని పజిల్ తీరు చూపించవచ్చు.

మన ఫిషింగ్ హార్బర్లో ఒక కేసు అనుకో. బోటు ఓనరు దగ్గర లెక్కలు రాసే గుమస్తా ఐసు గదిలో చనిపోయి ఉన్నాడు. ఒకడు వాంగ్మూలమిచ్చాడు: ‘మే 10 రాత్రి నేను బోటు మీద వేటలో ఉన్నాను.’ పెద జాలరిపేటలో ఎవరినడిగినా ఇది అబద్ధమని ఇట్టే చెప్పేస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు కదలకూడదు. కరీంనగర్లో కూర్చుని ఆడేవాడికి ఈ సంగతి తెలియాల్సిన పనేముంది? గేమ్ ఆ విషయం ఎక్కడా చెప్పకుండా ఈ అబద్ధం పట్టుకోమంటే అది అన్యాయం. గోడ మీద మత్స్యశాఖ నోటీసు ఉండి, కిటికీలోంచి జెట్టీ దగ్గర వరసగా కట్టేసిన బోట్లు కనబడుతూ, ఐసు ఫ్యాక్టరీ ఖాతా పుస్తకంలో ఏప్రిల్ 15 తర్వాత బోట్ల పద్దులు ఖాళీగా ఉన్నాయంటే, ఆ మూడూ చూసి కూడా కలుపుకోలేకపోతే అది కష్టం మాత్రమే. తప్పు మనదే. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. నిషేధం ఇంజను లేని తెప్పలకి వర్తించదు. కాబట్టి వాడు ‘బోటు’ అన్నాడా ‘తెప్ప’ అన్నాడా అన్నదాని మీదే కేసంతా నిలబడుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి దించినవాడు రెంటికీ ఒకే మాట పెడితే పజిల్ చచ్చిపోతుంది.

మూడో రకం ఒకటుంది, ఆటగాళ్ళకి అన్నిటికన్నా ఒళ్ళు మండేది అదే. నోటీసు చూశావు, అబద్ధమని తెలిసిపోయింది, కానీ ఖాతా పుస్తకం మీద క్లిక్ చేసేదాకా ఆ మాట అనడానికి గేమ్ ఒప్పుకోదు. నీకు తెలిసింది, నీ పాత్రకి ఇంకా తెలియలేదట! ‘బోర్ కొట్టింది’, ‘స్లోగా ఉంది’ అనే ఫిర్యాదులు చదివేటప్పుడు వెనక ఇదేమైనా ఉందేమో వెతుకు. చాలాసార్లు ఉంటుంది.

మన దగ్గర ఆడేవాళ్ళకి మాత్రమే ఎదురయ్యే ఇబ్బందులు నువ్వు అసలు తాకలేదు. తెలుగులో రాస్తున్నప్పుడు అవే ముందు రాయాలి. ఓబ్రా డిన్‌లో సిబ్బంది జాబితాలో పేరు, హోదా, దేశం ఉంటాయి. ఇండియా అని రాసున్న నావికులు కూడా ఉన్నారు. కొందరిని గుర్తుపట్టడానికి మాట యాస పనికొస్తుంది. స్కాటిష్ యాసకీ ఐరిష్ యాసకీ తేడా ఇంగ్లండులో పెరిగినవాడికి చెవిలోనే ఉంటుంది, శ్రీకాకుళం కుర్రాడికి ఉండదు. మరి యాస పట్టుకోలేనివాడికి ఇంకో దారి ఉందా? బట్టలు, ఓడలో ఎవరెక్కడ ఉంటారు, ఎవరి పక్కన ఎవరు కనబడతారు, ఇవి సరిపోతాయా? నువ్వు ఆడి పూర్తిచేశావు కాబట్టి నువ్వే చెప్పగలవు. గోల్డెన్ ఐడల్ అయితే ఇంగ్లీషు చదవడం మీదే నడుస్తుంది, ఉత్తరాలు, నోటీసులు, పద్దులు. ఇంటర్ చదివిన పిల్లవాడు డిక్షనరీ లేకుండా ఆడగలడా అన్నది ఒక్క వాక్యంలో రాసినా చాలామందికి ఉపకారం. ఇద్దరు ఒకే తెర ముందు కూర్చుని ఆడితే ఎలా ఉంటుందో కూడా చెప్పు. ఈ రకం గేముల్లో మౌస్ ఒకరి చేతిలో, నోట్‌బుక్ ఇంకొకరి చేతిలో ఉంటే ఒక్కడే ఆడినదానికన్నా బాగుంటుంది.

‘పూర్తిగా లీనమైపోయాను’ అన్నావు. ఎక్కడ? ఓబ్రా డిన్‌లో శవం దగ్గర ఆటగాడి చేతిలోని మాయ గడియారం తెరిస్తే ముందు తెర నల్లబడుతుంది, మాటలూ చప్పుళ్ళూ మాత్రమే వినిపిస్తాయి. ఆ తర్వాతే చనిపోయిన క్షణం బొమ్మలా గడ్డకట్టి కనిపిస్తుంది. ఎవరి పెదవీ కదలదు. ఇందాక విన్న గొంతు ఈ బొమ్మలో ఎవరిదో నువ్వే అతికించుకోవాలి. చెవి ముందు, కన్ను తర్వాత. ఆ గేములో మునిగిపోవడానికి అసలు కారణం ఇదని నా నమ్మకం, నలుపు తెలుపు రంగులు కాదు. ఇలాంటి ఒక్క వివరం రాస్తే ‘లీనమైపోయాను’ అన్న మాట కొట్టేయొచ్చు. ఓడ లోపలి ఇరుకు గురించి రాయాలనుకుంటే ఆర్‌కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఎక్కినవాళ్ళకి తల వంచి దాటే ఆ గుండ్రటి గుమ్మాలు గుర్తుచెయ్యి. అది వేరే కాలం, వేరే జాతి ఓడ, నిజమే. కానీ విశాఖ పాఠకుడి ఒంటికి ఆ ఇరుకు తెలుసు.

విసుగు సంగతి కూడా అంతే వివరంగా ఉండాలి. గడియారం చూపించే ఆ చావు దృశ్యాన్ని, అంటే ఒక జ్ఞాపకాన్ని, మొదటిసారి చూసేటప్పుడు గేమ్ వదిలినప్పుడే బయటికి రాగలవు. చూసినదాన్ని మళ్ళీ చూడాలంటే పుస్తకంలోంచి నేరుగా వెళ్ళడానికి లేదు, ఓడంతా నడిచి ఆ చోటికి పోవాలి. మొదట్లో ఇది బాగానే ఉంటుంది. సగం పేర్లు తేలాక, ఒక్క టోపీ చూడటం కోసం మూడు అంతస్తులు దిగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. మెచ్చుకున్నవాళ్ళలోనూ చాలామంది ఈ ఫిర్యాదు చేస్తారు, న్యాయమైనదే.

ఇదంతా గుర్తుండాలంటే ఆడేటప్పుడే రాసుకోవాలి. రూళ్ళ నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళు గీసుకో: టైము, నేనేమనుకున్నాను, దేన్ని చూసి అనుకున్నాను, గేమ్ ఎప్పుడు ఒప్పుకుంది. ఇరవై నిమిషాలు ఎక్కడా కదలకపోతే పక్కన గుర్తు పెట్టు. నెట్లో జవాబు వెతికితే అదీ రాయి, రివ్యూలో కూడా దాచకు. గైడు చూసి లెక్క చేసినవాడు ఆ లెక్క సులువో కష్టమో చెప్పలేడు. మూడో గడి ఖాళీగా ఉండి నాలుగో గడి నిండిందంటే అక్కడ నువ్వు ఊహించి గెలిచావన్నమాట. అలాంటి వరసలు పదో పన్నెండో వచ్చాయంటే రాయాల్సిన విషయం దొరికినట్టే.

మిగతా ఆటగాళ్ళ అభిప్రాయాలు చదువు, కానీ ఎలా చదవాలో తెలుసుకుని చదువు. గేములు అమ్మే సైటు స్టీమ్‌లో 92 శాతం అని ఉంటే వందకి 92 మార్కులని కాదు, రివ్యూ రాసిన వందమందిలో 92 మంది సిఫార్సు చేశారని. ‘పర్వాలేదు’ అనుకుని బొటనవేలు పైకెత్తినవాడూ, ప్రాణం పెట్టినవాడూ అక్కడ సమానమే. ప్రతి రివ్యూ పక్కనా రాసేనాటికి ఎన్ని గంటలు ఆడారో ఉంటుంది. గంటన్నర ఆడి తిట్టినవాడి మాటా, పన్నెండు గంటలు ఆడి తిట్టినవాడి మాటా రెండూ పనికొచ్చేవే, కాకపోతే వేర్వేరు విషయాలకి. మొదటివాడు ఆరంభం గురించి చెబుతున్నాడు, రెండోవాడు ముగింపు గురించి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. కాబట్టి ఆ రెండు గంటల్లో గేమ్ అసలు రంగు బయటపడుతుందా లేదా అన్నది నీ రివ్యూలో తప్పకుండా ఉండాలి. ఓబ్రా డిన్ మొదటి గంటలో శవం వెనక శవం చూపించుకుంటూ పోతుంది, తేల్చగలిగే పేర్లు చాలా తక్కువ. అది తెలియనివాడు తనకి చేతకావడం లేదనుకుని మానేస్తాడు.

స్టీమ్‌లోనే అచీవ్‌మెంట్ల పేజీ, అంటే గేములో ఒక్కో మెట్టు దాటినందుకు ఇచ్చే గుర్తుల పేజీ కూడా చూడు. ఎంత శాతం మంది ఏ మెట్టు దాటారో అక్కడ కనబడుతుంది. మొదటి మెట్టుని చివరి మెట్టుతో పోల్చకు, కొని పక్కన పడేసేవాళ్ళు ప్రతి గేముకీ ఉంటారు. వరసగా ఉన్న రెండు మెట్ల మధ్య అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోయిందో చూసి, ఆ భాగం మళ్ళీ ఆడు. ‘షాడోస్ ఆఫ్ డౌట్’ లాంటివాటికి ఈ పద్ధతి అంతగా పనిచెయ్యదు. అందులో నగరాన్నీ హత్యల్నీ గేమే కొత్తగా పుట్టిస్తుంది, నీ కేసు ఇంకొకడికి రాదు. అది 2023లో అసంపూర్తి రూపంలో అమ్మకానికి వచ్చి 2024 సెప్టెంబరులో పూర్తయింది. దాని మీద రాసేటప్పుడు ఏ వెర్షన్ ఆడావో, ఏ నెలలో ఆడావో పైనే వేసెయ్యి, పాత బగ్గుల మీద కోపం కొత్త గేము మీద పడకుండా.

స్పాయిలర్ల విషయంలో నాది మొండి పట్టు. ఉదాహరణలు మొదటి కేసులోంచో, మొదటి గంటలోంచో తీసుకో, ఆపైన ఏదీ వద్దు. ‘చివర్లో ఒక ట్విస్ట్ ఉంది’ అని రాయడం కూడా స్పాయిలరే, చదివినవాడు ప్రతి మనిషినీ ఆ ట్విస్ట్ కోసమే అనుమానిస్తాడు. నీ మూడో పేరాలో నావికుడి గురించి రాసిన రెండు వాక్యాలూ తీసెయ్యి. అది ఆ గేములో మనిషి సొంతంగా కనిపెట్టి సంతోషపడాల్సిన చోటు. స్క్రీన్‌షాట్లు జాగ్రత్త, నువ్వు పెట్టిన రెండో బొమ్మలో పుస్తకం పేజీ తెరిచే ఉంది, పెద్దది చేసి చూస్తే పేర్లు చదవొచ్చు.

పదికి తొమ్మిదిన్నర అన్న మార్కు తీసేసి, ఎవరు కొనాలో ఎవరు కొనకూడదో చెరో వాక్యం రాయి. ఎక్కువసేపు చూస్తే గేములోని ఆ నలుపు తెలుపు చుక్కల బొమ్మలకి కళ్ళు లాగుతాయేమో, నువ్వు రాత్రిళ్ళు ఎంతసేపు ఆడావో గుర్తుచేసుకుని అదీ చేర్చు. రెండో ప్రతితో పాటు నోట్‌బుక్ పేజీల ఫొటోలు కూడా పంపు. ఏ పేరు రాసి కొట్టేశావో, ఎక్కడ ఎక్కువసార్లు కొట్టేశావో చూస్తే రివ్యూలో ఏ పేరా తక్కువైందో చెప్పగలను.

ఉంటాను,
అన్నయ్య