డేవిడ్ లీన్ సినిమాలు ఇప్పుడు చూడాలా? పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నాకు తెలిసింది చెప్తా

"డేవిడ్ లీన్ గురించి అందరూ తెగ చెప్తారు, నేను లారెన్స్ ఆఫ్ అరేబియా గంట చూసి ఆపేశా, అసలు ఆయన వల్ల సినిమాకి మిగిలిందేంటి?" అని అడిగారు కదా.

లీన్ అంటే బ్రిటిష్ సినిమా డైరెక్టర్, లారెన్స్ ఆయన తీసిన ఎడారి సినిమా. గంట చూశారంటే మీరు నాకన్నా నయం అండీ. నేను నలభై నిమిషాలకే పడుకున్నా. అదీ ఫోన్‌లో, తెనాలి నుంచి హైదరాబాద్ వెళ్లే నైట్ బస్సులో. అందులో ఒక సీన్ ఉంటుంది, ఎడారిలో బావి దగ్గర ఇద్దరు కూర్చుని ఉంటారు, ఎక్కడో చాలా దూరంలో ఎండమావిలోంచి ఒక నల్ల చుక్క కదులుతూ వస్తుంది. ఆ చుక్కని నేను స్క్రీన్ మీద నలక అనుకుని చొక్కా అంచుతో తుడిచా. రెండుసార్లు తుడిచా. తర్వాత నిద్రపోయా.

అప్పటికి నేను ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో ఎడిటర్‌ని (స్టూడియో పేరు వద్దులెండి, ఇప్పటికీ నడుస్తోంది). మా ఓనర్ రూల్ ఒకటే, ఏ షాట్ అయినా రెండు సెకన్లు దాటకూడదు, దాటితే జనం ఫార్వర్డ్ కొట్టేస్తారని. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఊరేగింపు, అన్నీ టకటకా పడిపోవాలి, మధ్యలో గులాబీ రేకులు రాలే ఎఫెక్ట్, పేజీ తిరిగే ఎఫెక్ట్. ఒక పెళ్లిలో అప్పగింతలప్పుడు కారు వెళ్లిపోయాక పెళ్లికూతురి నాన్న అక్కడే నిలబడిపోయి, ఏం చెయ్యాలో తెలీక చేతిలో ఉన్న ఖాళీ వాటర్ బాటిల్ మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. కెమెరా కుర్రాడు అలాగే తీసేశాడు, నలభై సెకన్లు. నేను ఇరవై సెకన్లు ఉంచా. ఓనర్ చూసి "ఇదేంటి, డాక్యుమెంటరీనా?" అని రెండు సెకన్లకి నరికేశాడు, హార్డ్ డిస్క్‌లో చోటు లేదని తర్వాత ఆ రా ఫుటేజ్ కూడా డిలీట్ చేసేశారు. నాకు ఇప్పటికీ ఆ బాటిల్ మూత గుర్తొస్తుంది.

తర్వాత బెంగళూరు వెళ్లా, అక్కడ ఒక ఫిల్మ్ క్లబ్ వాళ్లు ఇదే సినిమా పెద్ద తెర మీద వేస్తే ఫ్రెండ్ లాక్కెళ్లాడు. సరే ఏసీలో పడుకోవచ్చులే అని వెళ్లా. బావి సీన్ వచ్చింది, నేను తుడిచిన నలక మళ్లీ వచ్చింది, ఈసారి అది వణుకుతోంది, సాగుతోంది, నీళ్లల్లో నీడలాగా రెండుగా విడిపోతోంది, ఒంటె అడుగుల చప్పుడు తప్ప హాల్లో ఏం లేదు, మ్యూజిక్ కూడా లేదు, పక్కవాడు పాప్‌కార్న్ నమలడం ఆపేశాడు. ఒమర్ షరీఫ్ అనే నటుడి ఎంట్రీ అది. మన దగ్గర హీరో ఎంట్రీ అంటే కాలు, చెయ్యి, కళ్లద్దాలు, స్లో మోషన్, గాల్లో ఎగిరే సుమోలు కదా, ఇక్కడ మనిషి రావడానికి ఎంత టైమ్ పడుతుందో లీన్ అంత టైమ్ ఇచ్చాడు, అంతే. ఇంటికొచ్చి దాని గురించి చదివితే తెలిసింది, కెమెరామన్ ఫ్రెడ్డీ యంగ్ ఆ షాట్ కోసం 482 మిల్లీమీటర్ల లెన్స్ వాడాడట, ఆర్ట్ డైరెక్టర్ జాన్ బాక్స్ అయితే మన కన్ను తిన్నగా ఆ చుక్క మీదకి వెళ్లేలాగా ఇసుకలో తెల్లటి దారి గీయించాడట. మనమే చూస్తున్నాం అనుకుంటాం, నిజానికి వాళ్లు చూపిస్తున్నారు. దాన్నే నేను చొక్కాతో తుడిచా.

ఇంకోటి, ఆ అగ్గిపుల్ల కట్. హీరో లారెన్స్ వెలుగుతున్న అగ్గిపుల్లని ఉఫ్ అని ఊదుతాడు, వెంటనే ఎడారిలో సూర్యోదయం. స్క్రిప్ట్‌లో అక్కడ డిజాల్వ్ రాసుకున్నారు, అంటే ఒక బొమ్మ మెల్లగా ఇంకో బొమ్మలోకి కరగాలి. అప్పట్లో డిజాల్వ్ అంటే ల్యాబ్‌లో చేయించుకోవాలి, అందాకా రెండు షాట్లు ఊరికే పక్కపక్కన అతికించి చూస్తారు. ఎడిటర్ ఆన్ కోట్స్, లీన్ కలిసి అలా చూస్తే అదే అదిరిపోయింది. అయినా లీన్ దాదాపు కుదిరింది గానీ ఇంకా సరిగ్గా చెయ్యమన్నాడు, ఆవిడ తీసేసింది రెండు ఫ్రేములో ఏమో. సెకనుకి 24 ఫ్రేములు అండీ, రెండు ఫ్రేములంటే కంటి రెప్ప కూడా పూర్తిగా పడదు. రోజంతా టైమ్‌లైన్ మీద క్లిప్పులు జరుపుకునేవాడిగా చెప్తున్నా, ఆ రెండు ఫ్రేముల తేడా మనిషికి కనపడదు గానీ తెలుస్తుంది. ఇది చదివిన రోజు నా పని మీద నాకే కొంచెం గౌరవం వచ్చింది, అబద్ధం ఎందుకు.

ఎందుకంటే లీన్ కూడా అసలు ఎడిటరే. 1908లో లండన్ దగ్గర క్రోయ్‌డన్‌లో పుట్టాడు, ఇంట్లో వాళ్లు క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖ వాళ్లు), సినిమా అంటే చెడిపోవడమే అనుకునే రకం. 1927లో గామాంట్ స్టూడియోలో చేరి టీలు అందించాడు, క్లాప్ కొట్టాడు, తర్వాత న్యూస్‌రీళ్లు కట్ చేశాడు. డైరెక్టర్ అయ్యేసరికి 1942, అదీ నాటక రచయిత నోయెల్ కవర్డ్‌తో కలిసి. అంటే పదిహేనేళ్లు కింద నుంచి వచ్చినవాడు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే, ద బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్ 1957లో, ఏడు ఆస్కార్లు, 1962లో లారెన్స్, మళ్లీ ఏడు, రెండింటికీ బెస్ట్ డైరెక్టర్ ఆయనే. ఆస్కార్ల లెక్క నాకు పెద్ద పట్టింపు లేదు.

నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. లారెన్స్ రిలీజైన కొన్నాళ్లకే నిడివి ఎక్కువైందని కోసేశారు, తర్వాత ఇంకోసారి కోశారు. 1989లో రాబర్ట్ హారిస్ అనే ఆయన ముక్కలన్నీ వెతికి మళ్లీ కూర్చాడు, కొన్నిచోట్ల బొమ్మ దొరికింది గానీ మాటలు లేవు, అందుకని అందులో నటించిన పీటర్ ఓటూల్, అలెక్ గిన్నెస్ వాళ్లని పిలిచి పాతికేళ్ల తర్వాత వాళ్ల డైలాగులు వాళ్లతోనే మళ్లీ చెప్పించారు! ఎనభై ఏళ్ల లీన్ వచ్చి కూర్చుని, సినిమా తిరిగొచ్చిందని ఊరుకోకుండా అక్కడా ఇక్కడా మళ్లీ ట్రిమ్ చేశాడు. నా బాటిల్ మూత షాట్ డిలీట్ అయిపోయింది కాబట్టి ఈ కథ వింటే నాకు కొంచెం కడుపుమంట కూడా.

అన్నీ నచ్చాయని కాదు. 1984లో ఎ పాసేజ్ టు ఇండియా తీశాడు, ఇంగ్లీషు రచయిత ఫార్‌స్టర్ నవల అది, షూటింగ్ చాలావరకు బెంగళూరు చుట్టుపక్కలే, కథలోని మారబార్ గుహల కోసం సావనదుర్గ, రామనగర కొండల దగ్గర తీశారు. ఒక ఆదివారం మేము నలుగురం సావనదుర్గ ఎక్కాం, ఏకశిల అది, ఎండకి పెనంలా కాలిపోతోంది, షూటింగ్ గుహ ఎక్కడా అని వెతికితే కోతులు బిస్కెట్ ప్యాకెట్ లాక్కుపోయాయి తప్ప ఏం దొరకలేదు. సరే, సినిమా సంగతి. విక్టర్ బెనర్జీ బాగా చేశాడు, పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్‌కి ఆస్కార్ వచ్చింది, కానీ ప్రొఫెసర్ గాడ్‌బోలేగా రంగు పూసుకుని అలెక్ గిన్నెస్! మన నటులు అంతమంది ఉండగా ఆ బ్రాహ్మణుడి పాత్రకి ఇంగ్లీషాయన ఎందుకండీ, చూస్తుంటే ఇబ్బందిగా ఉంటుంది. లారెన్స్‌లో కూడా అంతే, అరబ్ ప్రిన్స్‌గా మళ్లీ ఈయనే, అంత సినిమాలో ఒక్క ఆడమనిషికీ డైలాగ్ లేదు. అప్పటి కాలం అంతేలే అని వదిలెయ్యడం నాకు చేతకాదు. అయితే పాసేజ్ టు ఇండియా టైటిల్స్‌లో ఎడిటింగ్ దగ్గర కూడా లీన్ పేరే పడుతుంది, 76 ఏళ్ల వయసులో సొంతంగా కట్ చేశాడు, అక్కడ మాత్రం దండం పెట్టా. దానికి ముందు పద్నాలుగేళ్లు సినిమానే తియ్యలేదు, 1970లో ఆయన తీసిన రయాన్స్ డాటర్‌ని న్యూయార్క్ క్రిటిక్స్ మొహం మీదే చెండాడారు, అది బాగా గుచ్చుకుంది ఆయనకి.

అన్నట్టు ఆయన ఆరు పెళ్లిళ్లలో నాలుగో భార్య లీలా మట్కర్ మన హైదరాబాదావిడే, 1960లో పెళ్లి. ఈ విషయం చెప్తే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

మీరు చూడాలనుకుంటే లారెన్స్‌తో మొదలెట్టకండి, ఫోన్‌లో అసలొద్దు. బ్రీఫ్ ఎన్‌కౌంటర్ చూడండి, 1945ది, గంటన్నర కూడా లేదు. ఇద్దరు పెళ్లైన మనుషులు రైల్వే స్టేషన్ టీ రూమ్‌లో కలుస్తారు, అంతే కథ. ఎడారి లేదు, ఒంటెలు లేవు. చివరిసారి విడిపోయేటప్పుడు ఒక వాగుడుకాయ ఆంటీ వచ్చి మధ్యలో కూర్చుంటుంది, గుడ్‌బై కూడా చెప్పుకోలేరు, అతను వెళ్తూ వెళ్తూ హీరోయిన్ భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కుతాడు. ఆ చెయ్యి చూడండి. మీకు అది పనిచేస్తే మిగతావి చూస్తారు, చెయ్యకపోతే ఆపెయ్యండి, ఏం నష్టం లేదు.

నా సంగతి అంటారా, ఇప్పుడు సొంతంగా చేస్తున్నా. పోయినేడాది ఒంగోలు దగ్గర ఒక పెళ్లి, అప్పగింతలు అయ్యాక పెళ్లికూతురి నాయనమ్మ ఒక్కతే ఖాళీ పందిట్లో కుర్చీలో కూర్చుని అక్షింతలు ఏరుకుంటోంది. ఇరవై ఒక్క సెకన్లు ఉంచా, మ్యూజిక్ తీసేశా. పంపిన మర్నాడే పెళ్లికూతురి నాన్న ఫోన్, "బాబూ, అంతా బాగుంది గానీ మా అమ్మ దగ్గర వీడియో హ్యాంగ్ అవుతోందయ్యా" అని. హ్యాంగ్ కాదు సార్, అది అంతే, ఇంకోసారి చూడండి అన్నా. సాయంత్రం మళ్లీ చేశాడు, గొంతు కొంచెం మారింది, "సరే గానీ, కొంచెం తగ్గించు" అన్నాడు. రెండు సెకన్లు తీసి మళ్లీ పంపించా.