కెమెరా పెట్టించే ముందు గడియారం చూడు

చిట్టీ,

ఆదివారం కాలనీ జనరల్ బాడీ మీటింగులో కెమెరాల సంగతి నువ్వే మాట్లాడబోతున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి పిల్ల నలుగురిలో లేచి మాట్లాడుతోందంటే ఎంత సంతోషమో. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు నెలల్లో మూడిళ్లలో దొంగతనాలు, ఒక గొలుసు తెంపుడు అంటే జనం భయపడరా మరి. నువ్వు షిఫ్టు అయ్యాక పదిన్నరకు ఆ చీకటి మలుపులో క్యాబ్ దిగుతావని తలుచుకుంటే నాకే కాళ్లూ చేతులూ ఆడవు. అందుకే కెమెరాలు వద్దని నేను అనను.

చిన్న పనులు గబగబా చెప్పేస్తా. మూడు కొటేషన్లు తీసుకో. ఏటా మెయింటెనెన్స్ డబ్బు ఎవరిస్తారో ముందే రాయించు. ఆ మలుపులో వీధి దీపం ముందు వెలిగేలా చూడు.

'కెమెరాలు పెడితే దొంగతనాలే ఉండవు' అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకు. వేర్వేరు దేశాల్లో 40 ఏళ్లుగా జరిగిన అధ్యయనాలను 2019లో కలిపి చూశారు. నేరాలు సగటున 13 శాతం తగ్గాయి. పార్కింగ్ స్థలాల్లో బాగా పనిచేశాయి, కొట్లాటల్లాంటి వాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బండ్లు పెట్టే చోట ఒకటి, రెండు గేట్ల దగ్గర రెండు చాలు. ఎవరి గుమ్మంలోకీ, కిటికీలోకీ తిప్పొద్దు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

నేను మా పాత కాలనీకి సెక్రటరీగా ఉన్నప్పుడు జనం డబ్బుతోనే కాలనీల్లో కెమెరాలు పెట్టించే పోలీసుల 'నేను సైతం' పథకం కింద ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసి కెమెరాలు పెట్టించాను. ఆ ఏడాదే ఒకింట్లో నగలు పోయాయి. రాత్రి మూడింటి ప్రాంతంలో చప్పుడైందనీ, తెల్ల చొక్కా మనిషి గోడ దూకాడనీ ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది. మేం నలుగురం కూర్చుని ఫుటేజీ తిప్పాం. 3:20కి తెల్ల చొక్కా కుర్రాడొకడు ఆ ఇంటి ముందు నుంచి నడిచి వెళ్లాడు. బొమ్మ బూడిద రంగులో ఉంది, కళ్లున్న చోట రెండు తెల్ల చుక్కలు. 'మన ఇస్త్రీ ఆయన కొడుకులా ఉన్నాడే' అని అన్నది నేనే. ఆ ముక్క కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా నేనే. పది నిమిషాల్లో 'లా ఉన్నాడే' పోయింది, 'వాడే' మిగిలింది. సాయంత్రానికి పోలీసులు వాణ్ని తీసుకెళ్లారు. స్టేషన్లో అడిగితే అక్కడా 'వాడే సార్' అన్నాను.

మూడో రోజు ఎందుకో మళ్లీ ఆ ఫుటేజీ ముందు కూర్చున్నాను. అదే రోజున నేనే పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తూ కనిపించాను. మూలన టైము 3:50. చిట్టీ, నేను ఏ రోజూ ఐదున్నరకు ముందు పాలకు వెళ్లలేదు. ఫుటేజీ రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలోని గడియారం గంటా నలభై నిమిషాలు వెనక ఉంది. పెట్టించిన రోజు నుంచీ ఎవరూ చూడలేదు. చూడాల్సింది నేను. వాడు వెళ్లింది తెల్లవారుజామున ఐదింటికి, బండి దగ్గర బొగ్గులు రాజెయ్యడానికి. చొక్కా కూడా తెల్లది కాదు, ముదురు నీలం. చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుకు కొన్ని ముదురు బట్టలు తెల్లగా పడతాయని తర్వాత ఒక మెకానిక్ చెప్పాడు.

చెప్పుల్లేకుండా స్టేషన్‌కు పరుగెత్తాను. వదిలిపెట్టారు. రెండు రాత్రులు లోపలే ఉన్నాడు. బయటికొచ్చాక నా వైపు చూడలేదు. వారం తిరగకుండా వాళ్లు బండి తీసుకుని ఎటో వెళ్లిపోయారు. మా ఇంట్లోవి ఆరు జతల బట్టలు ఇస్త్రీ చేసి, మూట కట్టి, గేటు దగ్గర పెట్టి వెళ్లారు. డబ్బులు తీసుకోలేదు.

అందుకే చెబుతున్నా, కెమెరా కొనే తీర్మానం కంటే ముందు ఇంకో తీర్మానం చేయించు. ఫుటేజీ ఇద్దరే చూడాలి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు చూశారో పుస్తకంలో రాయాలి. ప్రతి నెలా ఒకటో తేదీన గడియారం సరిచూడాలి. 30 రోజులు దాటింది చెరిగిపోవాలి. జనం గుమిగూడే దుకాణాలకూ, హాళ్లకూ 2013 నాటి ప్రజా భద్రత చట్టం పెట్టిన లెక్క కూడా అదే. గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. పోలీసులు అడిగితే రాతపూర్వకంగా అడగమని చెప్పి ఇవ్వండి. కోర్టులో నిలబడాలంటే 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఆ ఫుటేజీకి ధ్రువపత్రం ఎలాగూ కావాలి.

మన కెమెరాలు బంజారాహిల్స్‌లో 2022లో తెరిచిన పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు కలుపుతారా, ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ పెడతారా అని కూడా అడుగు. ఆ సాఫ్ట్‌వేర్ మీద హైకోర్టులో పిటిషన్ పడింది. అడిగినందుకు ఎవరైనా 'నీకేం భయం, తప్పు చేయకపోతే' అంటారు. తల దించుకోకు. ఆ కుర్రాడూ ఏ తప్పూ చేయలేదు.

కోపంగా మాత్రం మాట్లాడకు, నీకు మీ నాయనమ్మ పోలిక, గొంతు తొందరగా లేస్తుంది. గొలుసు పోయిన ఆవిడను ముందు మాట్లాడనివ్వు. ఆమె భయం నిజం.

శనివారం రాత్రికి వచ్చేస్తాను. వెనక వరసలో కూర్చుంటా. ఈ ఇస్త్రీ కుర్రాడి సంగతి చెప్పాల్సి వస్తే, ఎవరో పెద్దాయన అనొద్దు, మా పెదనాన్న అనే చెప్పు. అవసరమైతే లేచి నిలబడతాను.

ఈలోగా క్యాబ్ మలుపులో ఆపించకు తల్లీ, ఇంటి గేటు దాకా రమ్మను.

మీ పెదనాన్న