డూమ్ అనే ఇంగ్లీషు మాటకి తెలుగులో సరైన అర్థం ఏమిటి? ఫేట్‌కీ దీనికీ తేడా ఉందా?

నిఘంటువు తీస్తే దుర్గతి, వినాశం, చేటు అని కనబడతాయి. ఏదీ తప్పు కాదు. నాకు మాత్రం ఆ మాట పూర్తిగా పట్టుబడింది మా లంకలో ఒక కొబ్బరిచెట్టు వల్ల.

మాది కోనసీమ. గోదారి పాయ వైనతేయ ఒడ్డున మా నాన్నగారికి చిన్న కొబ్బరితోట ఉండేది. వరద వచ్చినప్పుడల్లా గోదారి ఒడ్డును కొంత కోసుకుపోయేది. 2006 ఆగస్టు వరద తగ్గాక వెళ్లి చూస్తే, ఏటివైపు చివరి చెట్టు కింద సగం మట్టి లేదు. వేళ్లు విప్పిన జడలా గాలిలో వేలాడుతున్నాయి, ఒండ్రు రాలుతూనే ఉంది. పైన చూస్తే నిండుగా గెలలు, కొత్త పూతపొత్తు కూడా విచ్చుకుంటోంది. దింపు తీసే అబ్బాయి ఎక్కనన్నాడు. నాన్నగారు మాను మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, "దీనికి పోగాలం వచ్చేసిందిరా" అన్నారు. ఆ తర్వాత ఆ చెట్టు పదకొండు రోజులు నిలబడింది. ఆకు పచ్చగానే ఉంది, కాయ ఊరుతూనే ఉంది, కానీ దాని సంగతి ఎప్పుడో తేలిపోయింది. డూమ్ అంటే నాకు ఆ పదకొండు రోజులు. చెడు ఇంకా జరగలేదు, కానీ నిర్ణయం అయిపోయింది, తప్పించే దారి లేదు.

ఈ "నిర్ణయం అయిపోవడం" ఆ మాట పుట్టుకలోనే ఉంది. పాత ఇంగ్లీషులో దాని రూపం "డోమ్", అర్థం తీర్పు, చట్టం. 1086లో విలియం రాజు ఇంగ్లండులో ఎవరి చేతిలో ఎంత భూమి ఉంది, ఎన్ని నాగళ్లున్నాయి అని ఊరూరా లెక్క రాయించాడు, మన అడంగల్ లాంటిదే. ఆ పుస్తకానికి తర్వాత జనం పెట్టుకున్న పేరు "డూమ్స్‌డే బుక్". అంత్యదినాన దేవుడిచ్చే తీర్పు మీద అప్పీలు లేనట్టే, అందులో రాసినదాని మీదా అప్పీలు లేదని. తీర్పు నుంచి శిక్షకీ, శిక్ష నుంచి ఘోరమైన ముగింపుకీ అర్థం జారింది. మనం రోజూ వినే "డీమ్డ్ యూనివర్సిటీ"లోని డీమ్ కూడా ఈ కుటుంబంలోదే, దాని పాత అర్థం తీర్పు చెప్పడం. ఇది తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

ఇక ఫేట్ అంటే తలరాత, మంచీ కావచ్చు చెడూ కావచ్చు. ఇద్దరికి పెళ్లి రాసిపెట్టి ఉందంటే అది ఫేట్. అక్కడ డూమ్ వాడితే పెళ్లివారికి కోపం వస్తుంది. డూమ్ ఎప్పుడూ చెడే.

వాడుకలో ఎక్కువగా కనిపించేది "డూమ్డ్ టు ఫెయిల్", అంటే మొదలుపెట్టకముందే చెడిపోవడం ఖాయమైనది. "డూమ్ అండ్ గ్లూమ్" అంటే ఎటు చూసినా నిరాశ. 2020లో కోవిడ్ సమయంలో "డూమ్‌స్క్రోలింగ్" బాగా వాడుకలోకి వచ్చింది, చెడు వార్తలను ఆపకుండా ఫోన్‌లో చూస్తూ పోవడం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు నేనూ తెల్లవార్లూ అదే పని చేశాను. టెన్షన్ పెరిగిందే తప్ప నీళ్లు తగ్గలేదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు, మనిషి గురించైతే "పోగాలం దాపురించింది" నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది. ఊరి గురించో పని గురించో అయితే "చేటుకాలం వచ్చింది" బాగుంటుంది. "వినాశం" అని మాత్రం తేలిగ్గా రాసేయకండి. వినాశం జరిగిపోయిన నష్టం, దాని తర్వాత కూడా లేచి నిలబడొచ్చు. డూమ్‌లో ఆ అవకాశం లేదు.

ఈ తేడా మీద నాకింత పట్టుదల ఎందుకంటే, 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా మీద పడ్డాక ఒక ఇంగ్లీషు పత్రికలో మా ప్రాంతాన్ని "డూమ్డ్" అని రాశారు. ఆ రాత్రి సముద్రం మీద ఉండి తిరిగిరాని మత్స్యకారుల విషయంలో ఆ మాటకి నేను అడ్డు చెప్పను. కానీ ఊళ్లకి ఊళ్లనే అలా అనేశారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆ కాగితం నాన్నగారికి చదివి అర్థం చెబితే, "మన పని అయిపోయిందని వాళ్లెలా తేల్చారు?" అని అడిగారు. మరుసటేడు తొలకరికి, మానులు కూలిన గోతుల పక్కనే దేశవాళీ మొక్కలు నాటించారు. 2003లో వాటికి మొదటి దింపు తీశాం.