కేస్ షీట్ కంప్యూటర్‌లోకి వచ్చాక: నర్సుల ప్రశ్నలు, మా జవాబులు

వార్డులో కాగితం పోయి కంప్యూటర్ రికార్డు వచ్చినప్పుడు ఎక్కువగా మారేది నర్సు పనే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దాని గురించే. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా వార్డులో కంప్యూటర్ రికార్డు మొదలై నాలుగు నెలలైంది. పని తగ్గుతుందన్నారు. ఇప్పుడు డ్యూటీ అయిపోయాక కూడా గంటసేపు కూర్చుని టైప్ చేయాల్సి వస్తోంది. లోపం మాదా, సిస్టమ్‌దా?

రెండింటిలోనూ ఉంది. ముందు మీ యూనిఫాం జేబు చూసుకోండి. అందులో మడతపెట్టిన కాగితం, దాని మీద బెడ్ నంబర్లు, బీపీలు, యూరిన్ కొలతలు ఉంటే మీరు ప్రతి అంకెనూ రెండుసార్లు రాస్తున్నట్టే. ఒకసారి చేత్తో, ఒకసారి కీబోర్డు మీద. ఆ రెండో రాతే మీ గంటను తినేస్తోంది.

దీనివల్ల పోయేది మీ సమయం ఒక్కటే కాదు. పదింటికి చూసిన బీపీ 90/60 మీ జేబులోనే ఉండిపోయింది అనుకోండి. పదకొండుకి రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌కి స్క్రీన్ మీద ఆరింటి నాటి 130/80 కనిపిస్తుంది. ఆయన బీపీ మాత్ర కొనసాగించమంటారు. కాగితం కేస్ షీట్ రోజుల్లో ఆయన మీ ఎదురుగా నిలబడి అడిగేవారు. ఇప్పుడు స్క్రీన్ చూసి, అడగనవసరం లేదనుకుంటారు. ఎంట్రీ ఆలస్యమైతే రికార్డు ఖాళీగా కనిపించదు, పాత అంకెనే తాజా అంకెలా చూపిస్తుంది. మాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే.

కాబట్టి ఒక పేషెంట్ దగ్గర చూసింది ఆ మంచం దగ్గరే ఎక్కించి, తర్వాతే రెండో మంచానికి కదలండి. ఇందుకు కావాల్సినవి యాజమాన్యం ఇవ్వాలి. చక్రాల బండి మీద కంప్యూటర్లు చాలినన్ని ఉండాలి, వాటి బ్యాటరీ మందుల రౌండ్ పూర్తయ్యేదాకా నిలవాలి, కార్డు తాకిస్తే లాగిన్ అయిపోవాలి. లాగిన్‌కే నిమిషం పడితే జేబులోకి కాగితం మళ్లీ వస్తుంది. అప్పుడు నర్సును తప్పుపట్టడం అన్యాయం.

ఆలస్యంగా ఎక్కించక తప్పనప్పుడు టైమ్ గడి చూడండి. సిస్టమ్ తనంతట తాను 'ఇప్పుడు' అని వేస్తుంది. పదింటికి ఇచ్చిన జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను ఒంటిగంటకి ఎక్కిస్తూ ఆ గడి మార్చకపోతే, మందు ఒంటిగంటకి ఇచ్చినట్టు నమోదవుతుంది. తర్వాత రక్తంలో మందు స్థాయి చూసేవాళ్లు ఆ టైమ్ నుంచే లెక్క కడతారు. లెక్క తప్పుతుంది, దాన్ని బట్టి డోస్ కూడా తప్పుతుంది. ఇచ్చిన టైమ్‌ను మీరు వేయండి. ఎక్కించిన టైమ్‌ను సిస్టమ్ వేరుగా దాచుకుంటుంది. ఆలస్యంగా రాయడం నేరం కాదు, టైమ్ తప్పు వేయడం ప్రమాదం.

ఇక సిస్టమ్ వైపు లోపం. అడ్మిషన్ అసెస్‌మెంట్ ఫారం ఖాళీది ఒకటి ప్రింట్ తీయండి. ప్రతి గడి పక్కన 'దీన్ని ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు' అని రాస్తూ పోండి. జవాబు దొరకని గడులను గుర్తుపెట్టి నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా సాఫ్ట్‌వేర్ చూసే బృందానికి పంపండి. 'క్లిక్కులు ఎక్కువయ్యాయి' అంటే ఎవరూ కదలరు. ఫలానా ఆరు గడులు ఎవరికీ పనికిరావడం లేదని చూపిస్తే తీసేస్తారు.

ఇంకొక్క మాట. కాగితం మందుల చార్టు, కంప్యూటర్ చార్టు రెండూ ఒకే వార్డులో నడుస్తుంటే వెంటనే ఆపించండి. ఒకదాంట్లో ఆపేసిన మందు రెండోదాంట్లో మిగిలిపోతుంది, లేదా ఒకే డోస్ రెండుసార్లు పడుతుంది. 'నెమ్మదిగా మారదాం' అనే మాట మిగతా కాగితాలకు సరే, మందుల చార్టుకు పనికిరాదు. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఒకటే చార్టు అని తేల్చాలి.

ప్రశ్న: రిస్ట్‌బ్యాండ్, మందు రెండూ స్కాన్ చేసి ఇస్తున్నాం. ఇక తప్పు జరగదని నమ్మొచ్చా? స్కానర్ మొరాయిస్తే ఏం చేయాలి?

ఈ పద్ధతి పుట్టిందే నర్సు ఆలోచన నుంచి. 1990ల మొదట్లో అమెరికాలోని టొపీకాలో, మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసే స్యూ కిన్నిక్ అనే నర్సు అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు కంపెనీ మనిషి స్కానర్‌తో చూసుకోవడం గమనించారు. కారుకు చేస్తున్నది పేషెంట్‌కు ఎందుకు చేయకూడదు అన్నది ఆమె ప్రశ్న. ఫలితమూ ఉంది. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, మందు ఇచ్చేటప్పుడు జరిగే తప్పులు బార్‌కోడ్ లేని వార్డుల్లో 11.5 శాతం, ఉన్న వార్డుల్లో 6.8 శాతం. వేళ తేడాలు ఈ లెక్కలో లేవు. తప్పులు బాగా తగ్గాయి కానీ పోలేదు.

మిగిలిన తప్పుల్లో కొన్ని స్కానర్‌ను దాటేయడం వల్ల వస్తాయి. రిస్ట్‌బ్యాండ్ తడిసి ముడతపడుతుంది, దుప్పటి కింద ఉంటుంది, లేదా దాని మీద ప్లాస్టర్ ఉంటుంది. నిద్రపోతున్న మనిషిని లేపలేక ఎవరో ఇంకో బ్యాండ్ ప్రింట్ తీసి ట్రాలీకి అంటిస్తారు. అక్కడితో స్కానింగ్‌కు అర్థమే పోయింది. మీరు స్కాన్ చేసింది ట్రాలీని, మందు వెళ్లేది మంచం మీది మనిషికి. బ్యాండ్ చదవకపోతే కొత్తది ప్రింట్ తీసి, పేరు, పుట్టిన తేదీ పేషెంట్ నోటితోనే చెప్పించి, పాతది కత్తిరించి పారేసి, కొత్తది కట్టండి. స్ట్రిప్‌లో బార్‌కోడ్ ఒక కొసకే ఉంటే మాత్రలు రెండో కొస నుంచి కత్తిరించండి. ఏ మందు రోజూ స్కాన్ కావడం లేదో పేరు రాసి ఫార్మసీకి పంపండి. చాలాసార్లు కొత్త బ్యాచ్ కోడ్‌ను వాళ్లు సిస్టమ్‌లో చేర్చి ఉండరు.

రెండో రకం తప్పు మరింత లోతైనది. స్కానర్ చూసేది మీ చేతిలో ఉన్నది ఆర్డర్‌తో కలిసిందా లేదా అన్నదే. ఆర్డర్ సరైనదో కాదో దానికి తెలియదు. 2013లో అమెరికాలోని ఒక పెద్ద ఆస్పత్రిలో జరిగింది చూడండి. పదహారేళ్ల అబ్బాయికి ఇవ్వాల్సింది యాంటీబయాటిక్ మాత్ర ఒకటి, 160 మిల్లీగ్రాములు. డాక్టర్ 160 అని కొట్టిన గడి మాత్రం 'కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు' అని లెక్కకట్టేది. అబ్బాయి బరువు 38.6 కిలోలు. కంప్యూటర్ గుణించి, దగ్గరి అంకెకు సరిచేసి, 38న్నర మాత్రలు అని తేల్చింది. హెచ్చరికలు వచ్చాయి. రోజూ వచ్చే వందల హెచ్చరికల్లో అవీ ఒకటిగా డాక్టర్‌నూ, ఫార్మసిస్టునూ దాటిపోయాయి. మరమనిషి మాత్రలు కట్టి పంపింది. ఆ వార్డుకు కొత్తగా వచ్చిన నర్సుకు అనుమానం వచ్చింది. స్కాన్ చేస్తే 38న్నర సరైనదేనని స్క్రీన్ చెప్పింది. ఇచ్చేశారు. అబ్బాయికి ఫిట్స్ వచ్చాయి, ప్రాణం దక్కింది.

ఆ నర్సు అనుమానమే సరైనది, దాన్ని స్క్రీన్ అణిచేసింది. అందుకే ఈ కట్టుబాటు పెట్టుకోమంటాం: ఒక డోస్‌కు రెండు మూడు కంటే ఎక్కువ మాత్రలు గానీ, వయల్స్ గానీ అవసరమైతే స్కానర్ 'సరే' అన్నా ఆగి ఫార్మసిస్టుకు ఫోన్ చేయండి. నిజంగానే అన్ని ఇవ్వాల్సిన మందులు కొన్ని ఉంటాయి. ఉన్నా సరే, అడగండి. పిల్లల వార్డులో బరువును కిలోల్లోనే ఎక్కించండి. అంచనా బరువైతే అంచనా అని గుర్తుపెట్టండి, ఎందుకంటే తర్వాతి ప్రతి డోసూ ఆ ఒక్క అంకె మీద నిలబడుతుంది.

ప్రశ్న: వైటల్స్ (బీపీ, పల్స్, శ్వాస, జ్వరం లాంటి కొలతలు) ఎక్కించగానే ప్రమాద సూచిక స్కోరు తనంతట తానే వస్తోంది. మరి నర్సు అంచనాకు విలువ ఏముంది?

స్కోరు మీరిచ్చిన అంకెల నుంచే వస్తుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్-2 అనే ప్రమాద సూచిక పట్టికతో ఒక లెక్క వేద్దాం. శ్వాస నిమిషానికి 22 అంటే 2 పాయింట్లు. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94కి 1. ఆక్సిజన్ పెట్టి ఉంటే 2. పై బీపీ 108కి 1. పల్స్ 104కి 1. జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్‌కు 1. మనిషి పూర్తి స్పృహలోనే ఉన్నారు కనుక 0. విడివిడిగా ఏ ఒక్కటీ పరుగెత్తించేది కాదు. మొత్తం మాత్రం 8. ఏడు గానీ, అంతకు ఎక్కువ గానీ అయితే అత్యవసర బృందాన్ని పిలవాలి, కనిపెట్టుకుని ఉండాలి.

ఇప్పుడు అదే మనిషికి శ్వాస లెక్కపెట్టకుండా అలవాటుగా 18 అని వేశారు, ఆక్సిజన్ గడిలో టిక్ మరిచారు అనుకుందాం. రెండు రెళ్లు నాలుగు పోయి స్కోరు 4కి దిగుతుంది. అంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తే చాలు అని సిస్టమ్ చెబుతుంది. ఏ అలారం మోగదు. ఒక వార్డు చార్టులో అందరి శ్వాసా 18 లేదా 20 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టడం లేదని అర్థం. నిండా 60 సెకన్లు ఛాతీ చూసి లెక్కపెట్టండి, పల్స్ పట్టుకున్నట్టే చేయి ఉంచి. లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంట్ ఊపిరి మారుతుంది.

కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు వేరే సాచురేషన్ కొలత ఉంటుంది, వాళ్ల లక్ష్యం 88 నుంచి 92. ఆ కొలతను డాక్టర్ ఎంచితేనే వాడాలి. మానిటర్ నుంచి అంకెలు నేరుగా ఎక్కే చోట ఇంకో చిక్కు ఉంది. పేషెంట్‌ను వేరే వార్డుకు పంపి మానిటర్ లింకు తీయకపోతే, ఆ మంచం మీదికి వచ్చిన కొత్త మనిషి బీపీ పాతవారి రికార్డులోకి వెళ్తుంది. అంకెలను ఆమోదించే బటన్ నొక్కేముందు పైన ఉన్న పేరు చదవండి.

స్కోరు తక్కువగానే ఉన్నా మనిషి బాగాలేడని మీకు అనిపిస్తే పిలవండి. న్యూస్-2 మార్గదర్శకం కూడా నర్సు ఆందోళన ఒక్కటే పిలవడానికి చాలు అంటుంది.

ప్రశ్న: నిన్నటి నర్సింగ్ నోట్‌ను కాపీ చేసి తేదీ మార్చొచ్చా?

వద్దు. మూడు రోజుల క్రితం తీసేసిన యూరిన్ క్యాథెటర్ 'ఉంది' అని నోట్‌లో కొనసాగేది ఇలాగే. అసలు జరిగిన మార్పు నాలుగు వాక్యాల్లో రాసినా మేలు.

ప్రశ్న: పెన్సిలిన్ పడదని పేషెంట్ చెబితే నోట్‌లో స్పష్టంగా రాశాను. అయినా అదే కుటుంబానికి చెందిన అమోక్సిసిలిన్ ఆర్డర్‌కు హెచ్చరిక రాలేదు. ఎందుకు?

నోట్‌లో మీరు రాసింది మనుషులు చదవడానికి. సిస్టమ్ చూసేది అలర్జీ గడినే. అందులోనూ పేరు సొంతంగా టైప్ చేస్తే అది ఉత్త అక్షరాలుగానే మిగులుతుంది. జాబితాలోంచి ఎంచితేనే ఆ కుటుంబంలోని మందులన్నిటికీ ముడిపడుతుంది. పక్కనే ఏమైందో కూడా రాయండి. దద్దుర్లు, గొంతు వాపు, ఊపిరాడకపోవడం వేరు, కడుపులో తిప్పడం వేరు. వాంతిని కూడా అలర్జీగా ఎక్కిస్తే అనవసర హెచ్చరికలు పెరుగుతాయి, అసలైనది వచ్చిన రోజున డాక్టర్ చూడకుండానే మూసేస్తారు. అలర్జీ ఏదీ లేకపోతే గడి ఖాళీగా వదలకుండా 'లేవు' అని ఎంచండి. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని అర్థం.

ప్రశ్న: మా అమ్మ ఆస్పత్రిలో ఉంది. సిస్టర్లు వచ్చి స్క్రీన్ చూస్తూనే ప్రశ్నలడుగుతారు, అమ్మ ముఖం చూడరు. ఇది మారదా?

మీ బాధ న్యాయమైనది, మారాలి కూడా. సిస్టర్లకు మేం చెప్పేది ఇది. బండిని మీకూ పేషెంట్‌కూ మధ్య పెట్టకండి, పక్కకు పెట్టి స్క్రీన్‌ను ఆమెకూ కనిపించేలా తిప్పండి. మొదటి నిమిషం కీబోర్డు ముట్టొద్దు, పేరు పెట్టి పలకరించండి. నొప్పి గురించి, భయం గురించి అడిగేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలి. టైప్ చేసేముందు 'మీరు చెప్పింది రాసుకుంటున్నానమ్మా' అనండి. మీరు కూడా అమ్మ వాడే మందుల జాబితాను స్క్రీన్ మీద చూపించమని అడగండి. ఇంట్లో వేసుకునేవాటిలో ఒకటి తప్పిపోతే ముందు పట్టుకునేది మీరే.

ప్రశ్న: హడావిడిలో ఒకరి లాగిన్‌లో ఇంకొకరం ఎక్కిస్తుంటాం. ప్రమాదమా?

అవును. ఎవరు ఎప్పుడు ఏది తెరిచారో, ఏం మార్చారో అంతా నమోదవుతుంది. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) లాంటి మందులకు రెండో నర్సు సంతకం అడిగేది రెండో జత కళ్లు చూడాలనే. ఒకరే రెండు పాస్‌వర్డ్‌లూ కొడితే రికార్డులో ఇద్దరు చూసినట్టు ఉంటుంది, చూసింది ఒకరే.

ప్రశ్న: సిస్టమ్ హఠాత్తుగా ఆగిపోతే ఆ గంటల్లో ఏం చేయాలి?

ఆగకముందే సిద్ధంగా ఉండాలి. వార్డులో ఒక కంప్యూటర్ మందుల చార్టులను, అలర్జీలను కొద్ది నిమిషాలకోసారి తనలో దాచుకునేలా, నెట్‌వర్క్ లేకున్నా ప్రింటర్‌కు పంపగలిగేలా ఉండాలి. అది జనరేటర్ లైన్ మీద ఉన్న ప్లగ్‌లో ఉందో లేదో నెలకోసారి చూసి, ఒక పేజీ ప్రింట్ తీసి చూడండి. పక్కనే ఖాళీ మందుల చార్టులు, వైటల్స్ షీట్లు, ల్యాబ్ ఫారాలు కట్టగా ఉంచండి.

ఆగిన వెంటనే ఇన్‌ఛార్జి టైమ్ రాసి, అందరి చార్టులూ ప్రింట్ తీసి, ఒక్కో పేషెంట్‌కు చివరి డోస్ ఎప్పుడు పడిందో ఆ షిఫ్ట్ నర్సుతో సరిచూడాలి. నోటిమాట ఆర్డర్ వస్తే రాసి, తిరిగి చదివి వినిపించి, అవునన్నాకే ఇవ్వండి.

సిస్టమ్ తిరిగి వచ్చాక అసలు గండం మొదలవుతుంది. కాగితం మీద ఇచ్చిన డోసులు కంప్యూటర్‌లో ఇంకా 'ఇవ్వాలి' అని ఎర్రగా కనిపిస్తుంటాయి. కొత్త షిఫ్ట్ నర్సు అది చూసి మళ్లీ ఇచ్చేస్తుంది. కాబట్టి ముందు మందులు ఎక్కించండి, ఇచ్చిన అసలు టైమ్‌తో. తర్వాత అలర్జీలు, కొత్త ఆర్డర్లు. వైటల్స్ అన్నీ ఎక్కించలేకపోతే కాగితాన్ని స్కాన్ చేసి రికార్డుకు జతచేయవచ్చు. ఎక్కించడం పూర్తయ్యేదాకా కాగితం చార్టు మంచం దగ్గరే ఉండాలి. పూర్తయ్యాక దాని మీద అడ్డంగా గీత కొట్టి, 'ఎక్కించాను' అని టైమ్, సంతకం వేసి ఫైల్లో పెట్టండి.